సవరణ: జిల్లేడును రంగు చూసి తేల్చకండి

తెల్లగా పూస్తే ఒక జాతి, ఊదాగా పూస్తే ఇంకో జాతి అని జిల్లేడు గురించి పోయిన వారం రాశాను. తప్పు నాదే. కాలోట్రోపిస్ జైగాంటియా అనే ఒక్క జాతిలోనే తెల్లపూల మొక్కలూ, లేత ఊదా పూల మొక్కలూ ఉంటాయి. పూజకు వెతుక్కునే తెల్ల జిల్లేడు కూడా మామూలుగా ఇదే.

చూడాల్సింది రేకుల తీరు. జైగాంటియాలో విచ్చిన రేకులు పక్కలకు పరుచుకుని, వెనక్కి వంగుతాయి. రెండో జాతి ప్రొసెరాలో పూలు కాస్త చిన్నవి. రేకులు గిన్నెలా నిటారుగా నిలబడతాయి, కొనల్లో ముదురు ఊదా ఉంటుంది. పోయిన వారం నేను ఫోటో తీసింది మొగ్గల్ని, ఇక రేకులేం కనిపిస్తాయి!

పువ్వు తుంచకుండానే చూడండి. తుంచితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం.