పార్ట్‌టైమ్ గడిలో సున్నా రాయండి

"అక్కా, మాస్టర్స్‌కి బయటికి వెళ్దామనుకుంటున్నా, ఏ దేశం బెస్ట్?" అని వారానికి ఒక మెసేజ్ అయినా వస్తుంది. డబ్బు లెక్క రాశావా అని నేను తిరిగి అడుగుతాను. రాశామనే అంటారు. పంపమంటే ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది, పాపం రంగులు కూడా వేసి ఉంటాయి. ఫీజు, అద్దె, తిండి, విమానం టికెట్. దాని కింద, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో రాసే చోట, లోను ఇంత, ఇంట్లోవాళ్ళు ఇచ్చేది ఇంత, పార్ట్‌టైమ్ ఇంత.

ఆ మూడోది చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ఇంకా అడ్మిట్ రాలేదు, వీసా రాలేదు, ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు. షీట్‌లో మాత్రం రెండో నెల నుంచే జీతం పడుతుంటుంది, పరీక్షల నెలలో కూడా ఆగదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

గట్టిగానే చెబుతున్నా, తిట్టుకున్నా పర్లేదు. ఆ గడిలో సున్నా రాయండి. సున్నా పెట్టినా లెక్క తేలితే బయల్దేరండి. తేలకపోతే కోర్సో, దేశమో, ఏడాదో ఏదో ఒకటి మార్చుకోండి.

ఇది నా చాదస్తం కాదు. వీసా ఇచ్చే ప్రభుత్వాలు కూడా ఇంచుమించు ఇదే లెక్క వేస్తాయి. జర్మనీ స్టూడెంట్ వీసాకి చాలామంది చూపించేది బ్లాక్డ్ అకౌంట్. 2024 సెప్టెంబర్ నుంచి అందులో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేయాలి, నెలకి 992 చొప్పున మాత్రమే తీసుకోవాలి. కెనడా చాలా ఏళ్ళపాటు జీవన ఖర్చులకి 10,000 కెనడియన్ డాలర్లు చూపిస్తే చాలంది. 2024 జనవరిలో దాన్ని 20,635 చేసింది, 2025 సెప్టెంబర్ నుంచి 22,895. ఇది ఫీజు, ప్రయాణం కాకుండా. ఆస్ట్రేలియా 2024 మేలో 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లకి పెంచింది. అక్కడికెళ్ళి సంపాదించుకుంటానులే అన్న మాటని ఇందులో ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మన బడ్జెట్‌లో మాత్రం అదే మూలస్తంభం.

"కానీ అక్కా, వారానికి 20 గంటలు పని చేయొచ్చు కదా?" చేయొచ్చు. యూకేలో డిగ్రీ స్థాయి కోర్సుల వాళ్ళకి సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. ఇవి అంతకుమించి చేయకూడదని పెట్టిన హద్దులు. అన్ని గంటల పని మీకు దొరుకుతుందని ఎవరూ మాటివ్వలేదు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్తే మొదటి ఏడాది మామూలుగా క్యాంపస్ లోపలే చేయాలి. అంటే లైబ్రరీ, డైనింగ్ హాల్, ఇంకో నాలుగైదు చోట్లు. ఆ కొద్ది ఉద్యోగాల కోసం మీతో పాటు విమానం దిగిన ప్రతి ఒక్కరూ అప్లై చేస్తారు. లేదంటే బయట చేతికి క్యాష్ ఇచ్చే పని. అది వీసా నిబంధనల ఉల్లంఘన. దొరికిపోతే పోయేది నెల జీతం కాదు, చదువే పోతుంది.

నా రూమ్మేట్ ఒకమ్మాయి రాత్రి షిఫ్టులు చేసి పొద్దున్నే క్లాసులో నిద్రపోయేది. రెండు సబ్జెక్టులు పోయాయి. వాటిని మళ్ళీ చదవడానికి కట్టిన ఫీజు ఆమె ఆ సెమిస్టర్ అంతా సంపాదించినదానికంటే ఎక్కువ. ఆ లెక్క కూడా తనే కూర్చుని వేసి నాకు చూపించింది, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఇంతా చెబుతున్న నేనేమీ తెలివిగా వెళ్ళినదాన్ని కాదు. యూకే వీసాకి ఒక నిబంధన ఉంది. చూపించాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు అకౌంట్లో ఉండాలి, ఒక్క రోజు కూడా తగ్గకూడదు. ఆ 28 రోజులు ముగిసిన తేదీ అప్లై చేసే రోజుకి 31 రోజుల లోపు ఉండాలి. నాకిది కంఠతా వచ్చు. నాన్న అకౌంట్లో డబ్బు వేయించి రోజులు లెక్కపెట్టుకుంటున్నా. పంతొమ్మిదో రోజున ఇన్సూరెన్స్ ప్రీమియం దానంతటదే కట్ అయింది. ఆ ఆటో డెబిట్ ఉందని నాన్న మర్చిపోయారు, నేను అడగలేదు. తగ్గింది చాలా చిన్న మొత్తమే, అయినా లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. వీసా వచ్చేసరికి క్లాసులు మొదలైపోయాయి. ఆలస్యంగా చేరేవాళ్ళకిచ్చే గడువు మూడు రోజుల్లో ముగుస్తుందనగా దిగాను. చవక గదులన్నీ అప్పటికే అయిపోయాయి. ఆరు వారాలు నా బడ్జెట్‌కి దాదాపు రెట్టింపు అద్దె కట్టి ఉన్నా. ఆ లోటు దేనితో పూడుస్తానని నా షీట్‌లో ఉందో చెప్పాలా? పార్ట్‌టైమ్‌తో. మొదటి జీతం నాలుగో నెలలో వచ్చింది. బ్యాంక్ అకౌంట్, చిరునామా, ఇంటర్వ్యూలు, ఒక్కోదానికి వారాలు పట్టాయి.

అందుకే షీట్‌లో ఆదాయం వైపు ఆశలు తగ్గించి, ఖర్చు వైపు భయాలు పెంచమంటాను. ఫీజు వేరే కరెన్సీలో కట్టాలి కదా, రెండేళ్ళ కోర్సయితే రెండో ఏడాదికి మారకం విలువ ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పారు? యూకేకి వీసా అప్లికేషన్‌తోనే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ కట్టాలి. అమెరికాకి వీసా ఫీజు కాక, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ అనే వ్యవస్థకి ఫీజు 350 డాలర్లు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజే ఉండదని గుడ్డిగా నమ్మేవాళ్ళున్నారు. చాలావరకు నిజమే, కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. ఏ ఊరో చూడకుండా దేశం పేరు మాత్రమే చూస్తే ఇలాంటివి దొరకవు.

పైగా నిబంధనలు మీ కోసం ఆగవు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా ఫీజు 2024 జూలైలో 710 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి ఒక్కసారిగా 1,600 అయింది. మరుసటి జూలైలో 2,000. చదువు అయ్యాక ఉండనిచ్చే యూకే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్ళు. 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకి, పీహెచ్‌డీ వాళ్ళకి తప్ప, 18 నెలలే. "చదువయ్యాక రెండేళ్ళు అక్కడే చేసి లోను తీర్చేస్తా" అని 2024లో వెళ్ళిన సీనియర్‌ని చూసి ప్లాన్ వేస్తే ఆరు నెలలు గాల్లో కలిసిపోయాయన్నమాట.

కన్సల్టెన్సీల మీద విడిగా ఒక పోస్ట్ రాయొచ్చు, ఓపిక లేదు. "మాది ఫ్రీ సర్వీస్" అన్నవాళ్ళని మీకు డబ్బు ఎవరిస్తారని ఒక్క మాట అడగండి. కమిషన్ యూనివర్సిటీ నుంచి వస్తుంటే, కమిషన్ ఇవ్వని యూనివర్సిటీని వాళ్ళు మీ ముందు పెట్టాల్సిన అవసరం ఏముంది? పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు కట్టేయొచ్చన్న మాట నేను మొదట విన్నది కూడా అలాంటి ఒక ఆఫీసులోనే. టీ కూడా ఇచ్చారు.

నిజంగా డబ్బు కావాలంటే వెతకాల్సింది స్కాలర్‌షిప్‌ల దగ్గర. డబ్బు అవసరం ఎక్కువున్నవాళ్ళే అక్కడ ఆలస్యంగా మొదలుపెడతారు, అదే బాధ. యూకే ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి అప్లికేషన్లు ఆగస్టులో తెరిచి అక్టోబర్‌లో మూసేస్తారు, అది మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మొదలయ్యే చదువుకి. యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్‌లిచ్చే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ కోర్సుల్లో చాలావాటికి గడువు అక్టోబర్, జనవరి మధ్యే ముగుస్తుంది. అడ్మిట్ చేతికొచ్చాక స్కాలర్‌షిప్ వెతుకుదాంలే అనుకుంటే రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫామ్ మీదికొచ్చినట్టే. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్షల స్కోర్లు రెండేళ్ళు చెల్లుతాయి, మాస్టర్స్ ప్రవేశాలకి అడిగే జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్ళు. ఏడాదిన్నర ముందే రాసి పెట్టుకుంటే నష్టమేమీ లేదు. అమెరికాలో గ్రాడ్ స్కూళ్ళు చాలావరకు ఒప్పుకున్న పద్ధతి ఇంకోటుంది: ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వమని బలవంతం చేయకూడదు. ఇది తెలియక ఫిబ్రవరిలోనే టెన్షన్ పడి, మొదట వచ్చిన ఆఫర్‌కి సరే అనేసి, తర్వాత వచ్చిన మంచిదాన్ని వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఈ పోస్ట్ రాయడానికి కారణం మొన్న మాట్లాడిన ఒక తమ్ముడు. అడ్మిట్ ఉంది, డిపాజిట్ కట్టడానికి పదకొండు రోజులుంది. షీట్ పంపాడు. పార్ట్‌టైమ్ గడిలో సున్నా పెట్టి మళ్ళీ పంపమన్నా. రాత్రి ఒంటిగంటకి జవాబు వచ్చింది: "అక్కా, సున్నా పెడితే ఏడో నెలలో డబ్బు అయిపోతోంది."

డిఫర్‌మెంట్, అంటే చేరడం వాయిదా వేసుకునే అవకాశం, ఇస్తారేమో యూనివర్సిటీకి మెయిల్ పెట్టమన్నా. పెట్టాడు. వచ్చే ఇన్‌టేక్‌కి మార్చడానికి ఒప్పుకున్నారు. ఈలోగా ఉద్యోగం చేస్తానంటున్నాడు, స్కాలర్‌షిప్‌కి రాస్తానంటున్నాడు. బంధువులందరికీ ఇప్పటికే చెప్పేసుకున్న వాళ్ళ నాన్నకి ఈ సంగతి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదట. రెండు రోజులుగా దాని గురించే మాట్లాడుకుంటున్నాం, నాకూ తోచడం లేదు.