కేసు కొట్టేశారు కదా, రాయనక్కర్లేదట!

నిన్న వర్జీనియాలో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లొచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పైన కథ, ప్రసాదం, కింద బేస్‌మెంట్‌లో సీసాలు. అది మనకు మామూలే, వదిలేయండి.

ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడొకడికి రక్షణ శాఖ కాంట్రాక్టులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడ్డానికిచ్చే అనుమతి, దాని ఫారం నింపాలి. కాలేజీ రోజుల్లో తాగి కారు నడిపి పట్టుబడ్డాడు, తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. రాయాలా వద్దా అని పాపం నోరు తెరిచి అడిగాడు. అంతే, గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ ప్లీడరైపోయాడు. "కొట్టేసిన కేసు ఎందుకురా రాయడం? ఎవడు చూస్తాడు?"

ఎవడు చూస్తాడా! ఆ ఎస్‌ఎఫ్-86 ఫారం ఒక్కసారైనా తెరిచి చూశారా మహానుభావులు? మామూలు కేసులకు ఏడేళ్లు వెనక్కి వెళ్లి అడుగుతుంది. మద్యం, మత్తుమందుల కేసైతే జీవితంలో ఎప్పుడైనా ఉందా అని అడుగుతుంది. కొట్టేసినా, రికార్డు సీలు చేసినా రాయాల్సిందేనని అక్కడే అచ్చేసి ఉంది. ఈ క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో మద్యానికి ప్రత్యేకంగా 'జి' అని ఒక అధ్యాయమే ఉంది. తాగుబోతు కానక్కర్లేదు, తాగి బండి నడిపిన ఒక్క ఘటన చాలు లెక్కలోకి రావడానికి. అయితే కాలం గడిచిందా, కౌన్సెలింగ్‌కు వెళ్లాడా, మళ్లీ అలాంటిది జరిగిందా అని కూడా చూస్తారు. క్షమించే దారి ఉంది. కావాలని దాచి దొరికిపోతే మాత్రం అది నిజాయితీ వ్యవహారం, 'ఇ' అధ్యాయం. పైగా ఫెడరల్ ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలు. మన ప్లీడర్ల సలహా ఫీజు అది.

అన్నట్టు, ఆ సలహాలిచ్చిన వాళ్లలో సగం మంది హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లే. వాళ్లకు క్లియరెన్స్ గొడవే లేదు, దానికి పౌరసత్వం కావాలి. కానీ తాగి నడుపుతూ అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేయగలరు. ఆ సంగతి తెలిసి కూడా అర్ధరాత్రి ఎవరి కారు వాళ్లే తోలుకుంటూ వెళ్లారు, "రెండే కదా" అంటూ. నాకు వదిన వరస అయిన ఒకావిడ నా చేతిలో మజ్జిగ గ్లాసు చూసి, "నువ్వింకా పల్లెటూరివాడివే" అని నవ్వింది.

నిజమే వదినా, పల్లెటూరివాడినే. అందుకే కదా నా క్లియరెన్స్ అంతకాలం పట్టింది! చుక్క ముట్టనివాణ్ణి. అయినా మా అమ్మ తెనాలిలో ఎందుకుంది, ఎన్నాళ్లకొకసారి ఫోన్ చేస్తావు, మండల ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మీ అన్నయ్య భారత ప్రభుత్వ మనిషా, ఆ అరెకరం పొలంలో నీ వాటా ఎంత అని తవ్వితవ్వి అడిగారు. దానికీ ఒక అధ్యాయం ఉంది, 'బి', విదేశీ ప్రభావం. మా అన్నయ్య ప్రభావం వాళ్లావిడ మీదే లేదు, పెంటగాన్ మీద ఉంటుందట!

విస్కీకి కౌన్సెలింగ్ ఉంది. తెనాలిలో అమ్మ ఉన్నందుకు నేనెక్కడికి వెళ్లి కౌన్సెలింగ్ తీసుకోవాలి? ఆ కుర్రాడు ఉన్నదున్నట్టు రాస్తే నాకంటే ముందే వస్తుంది వాడికి, కావాలంటే పందెం.