‘ట్రయల్ వేశాం సార్, బాగానే ఉంది’

మా బావమరిది ఆటోమేటిక్ కారు పొద్దున సెల్లార్‌లోంచి తీసేటప్పుడు నల్లేరు మీద బండి. కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ దాకా ముప్పావుగంట ఆగుతూ, పాకుతూ వెళ్లి ఆఫీసు పార్కింగ్ ర్యాంప్ ఎక్కబోతే మాత్రం గేరు పట్టదు. ఇంజన్ అరుస్తుంది, బండి కాస్త వెనక్కి జారి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పోనీ రోజూ వస్తుందా అంటే అదీ కాదు. ఒక్కో వారం అసలు రాదు. వారంటీ ఇంకా ఏడాది ఉంది. నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. నాలుగుసార్లూ శుభ్రంగా కడిగి ఇచ్చారు.

నాలుగోసారి నేనూ వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు మర్యాదస్తుడే. ట్రాఫిక్‌లో నలభై నిమిషాల తర్వాత, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు గేరు పడటం లేదని మావాడు విడమరచి చెప్పాడు. జాబ్ కార్డు మీద ఆ కుర్రాడు రాసింది రెండే ముక్కలు: ‘గేర్ జర్క్ - కస్టమర్ ఫీలింగ్’. రాత్రంతా షెడ్డులో చల్లారిన బండిని మర్నాడు తొమ్మిదిన్నరకు ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పారు. ‘ట్రయల్ వేశాం సార్, బాగానే ఉంది. స్కానర్‌లో లోపం కోడ్ కూడా రాలేదు’ అన్నారు. జ్వరం దిగాక థర్మామీటర్ పెడితే ఏం చూపిస్తుంది?

వచ్చిపోయే లోపాన్ని మళ్లీ రప్పించి చూసుకోవాల్సిన పని అమ్మినవాడిది. కొన్నవాడి నెత్తిన దాన్ని పెట్టడం వారంటీ ఎగ్గొట్టడమే.

డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ సంగతే చూడండి. అందులో రెండు క్లచ్‌లుంటాయి, నూనెలో మునిగి ఉండవు. బండి పాకుతున్నంతసేపూ క్లచ్ పట్టీ పట్టనట్టు రాసుకుంటూ వేడెక్కుతుంది. వేడెక్కితే పట్టు మారుతుంది, చల్లారితే మళ్లీ మామూలే. వేడికి వదులయ్యే కనెక్టర్ కావచ్చు, ఇరుక్కునే సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే కవాటం) కావచ్చు. ఏదైనా సరే, ‘అప్పుడప్పుడు’ అనేదానికి ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క డ్రైవరు చెప్పిన మాటలోనే ఉంది. జాబ్ కార్డులో ఎగరగొట్టేది సరిగ్గా ఆ మాటనే.

ఈ ‘ఫీలింగ్’ ఖరీదు ఎంతో ఫోర్డ్‌కు తెలుసు. పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ కార్లు వణుకుతున్నాయని ఆస్ట్రేలియాలో జనం వస్తే, అదే ఫిర్యాదు ఎంతోమందికి ఉందని తెలిసీ, కొందరికి ‘అది మీ డ్రైవింగ్ తీరు’ అని చెప్పి పంపారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. చైనాలో 2013 మార్చి 15న ప్రభుత్వ టీవీ చూపించాక గానీ ఫోక్స్‌వాగన్ తన డ్యూయల్ క్లచ్ రకమైన డీఎస్‌జీ గేర్‌బాక్సులున్న 3.84 లక్షల కార్లను వెనక్కి పిలవలేదు. ఒక్కడు చెబితే ఫీలింగ్, లక్షమంది చెబితే లోపం. ఆ లక్షమందినీ కూడి చూసే కాగితం కంపెనీ దగ్గరే ఉంటుంది.

డీలర్ల బాధ నాకు తెలియంది కాదు. లోపం చూపించకుండా గేర్‌బాక్స్ మారిస్తే కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తుంది, ఖర్చు డీలరు మీద పడుతుంది. ఏఎంటీ బండిలో, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు మార్చే యంత్రం తగిలించిన బండిలో, గేరు మారేటప్పుడు తల ఊగడం దాని స్వభావం, దాన్నే రోగమనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. సరే. అది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాల్సిన లెక్క.

మన చట్టం చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం, పరీక్షిస్తే తప్ప తేలని లోపాన్ని కమిషన్ ల్యాబుకు పంపాలి. ఆ ఫీజు ఫిర్యాదుదారునే కట్టమనొచ్చు. కట్టాక, ల్యాబులో ఆ రోజు జర్క్ రాకపోతే? కాలిఫోర్నియాలో లోపాలున్న కార్ల కోసం పెట్టిన ‘లెమన్ లా’ ఈ చిక్కును వేరేగా విప్పింది. 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు తెచ్చినా, ప్రాణం మీదికి తెచ్చే లోపమైతే రెండుసార్లు తెచ్చినా, మొత్తం 30 రోజులకు మించి షెడ్డులో పడున్నా కంపెనీకి ఇచ్చిన అవకాశాలు చాలినట్టే. కారైనా మార్చాలి, డబ్బయినా వెనక్కివ్వాలి. ఫ్రీమాంట్‌లో ఉన్న మన పిల్లలు లోపం ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు, ఎన్నిసార్లు తిరిగారో చూపిస్తే దారి దొరుకుతుంది. మావాడి నాలుగు జాబ్ కార్డుల్లో మూడింటి మీద ‘జనరల్ చెకప్’ అని ఉంది. ఫ్రీమాంట్‌లో ఉన్నా అవి ఎందుకూ పనికిరావు.

కారును కాసేపు పక్కన పెట్టండి. మా ఊళ్లో రాత్రి వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతే, లైన్‌మన్ మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి మీటరు పెట్టి ‘బాగానే ఉంది కదా పెదనాన్నా’ అంటాడు. రేషన్ షాపులో ఈ-పోస్ మిషన్ మీద అరిగిపోయిన వేలి ముద్ర పడకపోతే, ఇరవై ఏళ్లుగా డీలరుకు తెలిసిన ముసలమ్మ కూడా ఆ క్షణాన ఎవరో తెలియని మనిషే. మిషన్ చూడనిది జరగనట్టే. కారులో అయితే ఆ మిషన్‌ను కూడా మనమే డబ్బు పెట్టి కొన్నాం. గేర్‌బాక్స్ కంప్యూటర్ గేరు గేరుకీ లెక్కలు చూసుకుంటూనే ఉంటుంది, వాటిని పూర్తిగా చదివే సాఫ్ట్‌వేర్ మాత్రం వాళ్ల చేతిలో. పాత కోడ్‌లు చెరిపేయకముందే ఆ ప్రింటవుట్ కస్టమర్‌కు ఇవ్వాలని రూలు పెట్టడానికి ఏం అడ్డమో ఢిల్లీ వాళ్లు చెప్పాలి.

ఐదోసారి మావాడు అపాయింట్‌మెంట్ సాయంత్రం ఆరుకు అడిగాడు. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ట్రాఫిక్‌లో తిప్పాడు. మొదటి రౌండులో ఏమీ కాలేదు. రెండో రౌండులో ర్యాంప్ మీద బండి వెనక్కి జారితే, పక్క సీట్లోని టెక్నీషియన్ కాలు అక్కడ లేని బ్రేకును తొక్కింది. ఈసారి కార్డు మీద ‘ఫీలింగ్’ అని రాయలేదు. క్లచ్ సెట్టు ఆర్డర్ పెట్టామన్నారు. ఇంకా రాలేదు.