అతుక్కుపోయిన ఎనిమిది జీబీ గారికి

మహారాజశ్రీ నా లాప్‌టాప్ జ్ఞాపకశక్తి అయిన 8 జీబీ ర్యామ్ గారి సముఖమునకు, విశాఖ మద్దిలపాలెం నుంచి తమ విధేయుడు వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం గానీ, ఇక్కడ నేనేమీ కుశలంగా లేను. తమరి కుశలం మాత్రం నిన్న మధ్యాహ్నం కళ్లారా చూసి వచ్చాను. మదర్‌బోర్డు మీద, రేకు మూత కింద, నాలుగు నల్ల బిళ్లలుగా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదపలేనంత కుశలంగా ఉన్నారు.

ఈ ఉత్తరం ఫోన్‌లో టైపు చేస్తున్నందుకు మన్నించాలి. లాప్‌టాప్‌లో పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతోంది, ఇప్పటికి 31 శాతం. అలాంటప్పుడు తమరి సన్నిధిలో బ్రౌజర్ తెరవడం మహాపచారమని పోయిన నెలే బుద్ధి వచ్చింది. ఆ రోజు తెరిచింది ఒక్క ట్యాబ్, కరెంటు బిల్లు కట్టడానికి. బిల్లు కట్టడం అవలేదు, తలంబ్రాల దగ్గర వీడియో గుటుక్కుమంది.

నిన్నటి సంగతి తమరికీ తెలుసు, లోపలే ఉన్నారు కాబట్టి. ద్వారకానగర్‌లో సర్వీస్ సెంటర్, మూడో అంతస్తు, లిఫ్టుకి వేలాడుతున్న అట్టముక్క. నా టోకెన్ 41, లోపల నడుస్తున్నది 17. చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్కపోతలో మూడు గంటలు కూర్చున్నాను. అయినా విసుగనిపించలేదు. ఒళ్లో కొత్త ర్యామ్ స్టిక్ ఉంది మరి. డాబాగార్డెన్స్‌లో కొన్నది, డీడీఆర్5, 8 జీబీ. అమ్మకి చూపించాలని ఇంట్లోనే కవరు చింపేశాను. "ఇంత ముక్కకా అంత డబ్బు?" అని ఆవిడ అడిగితే, "దీంతో మన కష్టాలు తీరిపోతాయమ్మా" అని కూడా అన్నాను.

నా వంతు వచ్చింది. కుర్రాడు పది మరలు విప్పి, గిటార్ మీటే బిళ్లలాంటిది అంచులోకి దూర్చి టక్ టక్ మంటూ చుట్టూ తిప్పాడు. అడుగు మూత ఊడింది. ఫోన్ టార్చి వేసి ఫ్యాన్ పక్కన చూశాడు, బ్యాటరీ పైన చూశాడు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ చుట్టూ చూశాడు. చివరికి నా చేతిలో ఉన్న స్టిక్ వైపు చూశాడు.

"ఏటి గురూ, స్లాటేదీ?" అని నన్నే అడిగాడు. స్లాటంటే ఆ స్టిక్ గుచ్చే గాడి.

ఆ తరవాత రేకు మూత లేపి తమరి దర్శనం చేయించాడు. "ఇది ఎల్‌పీడీడీఆర్ గురూ. బోర్డుకే టంకం పెట్టేస్తారు. కొన్నప్పుడు ఎంతుంటే, పోయేదాకా అంతే." వెనకాల 42వ టోకెన్ ఆయన గట్టిగా దగ్గాడు.

ఎల్‌పీ. రెండంటే రెండు అక్షరాలు. పెట్టె మీద స్పష్టంగానే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. తక్కువ కరెంటుతో నడిచేదని అర్థమట. నాకు ఎల్‌పీ అంటే గ్యాస్ బండే తెలుసు.

అయ్యా, మా ఇళ్లలో ఏదీ ఒక్కసారిగా పూర్తి చేయడం ఉండదని మీకు ఎవరూ చెప్పలేదా? గాజువాకలో మా నాన్న కట్టిన ఇంటి డాబా మీద ఇప్పటికీ ఇనుప చువ్వలు నిలబడి ఉంటాయి. పై అంతస్తు డబ్బులొచ్చినప్పుడు. తుప్పు పట్టాయి, బట్టలారేసే తాడు కట్టుకున్నాం, కాకులు వాలుతున్నాయి, అయినా కొయ్యలేదు. ఆ చువ్వలు ఉన్నంతకాలం పై అంతస్తు ఉన్నట్టే లెక్క. నేను లాప్‌టాప్ కొన్నదీ అదే లెక్కన. ఇప్పటికి 8, నాలుగు పెళ్లిళ్లు చేతికొచ్చాక ఇంకో 8. షాపులో అబ్బాయి కూడా వేలు పెట్టి చూపించాడు, "16 జీబీ వరకు" అని. ఆ "వరకు" అంటే నేను పెంచుకోవచ్చని కాదట. అదే మోడల్‌ని ఫ్యాక్టరీలో 16తో కూడా చేస్తారని, అది కావలసినవాడు అదే కొనుక్కోవాలని అర్థమట. పక్కింటికి రెండంతస్తులున్నాయి కాబట్టి మా వీధిలో ఇళ్లు "రెండంతస్తుల వరకు" ఉంటాయన్నట్టు! చువ్వలు కోసేసి, పిట్టగోడ కట్టేసి, పైన సున్నం కూడా వేసేసి అమ్మారు నిన్ను నాకు.

నీ తరఫు వాదన నాకు తెలుసు. నిన్న రాత్రంతా చదివాను. ప్రాసెసర్‌కి ఆనుకుని ఉంటేనే తక్కువ కరెంటుతో అంత వేగం వస్తుందట, మెషిన్ పలచగా ఉంటుందట. ఒప్పుకుంటాను. కానీ నీ జాతివాళ్లనే విప్పి మార్చుకునేలా పలకలా చేసి, మరలతో బిగించే పద్ధతి కూడా ఉందట, దాని ప్రమాణాన్ని 2023 డిసెంబరులోనే ప్రకటించారట. అంటే వేగానికీ టంకానికీ పెళ్లేమీ కాలేదు. ఆ పలక నా బడ్జెట్ దాకా రాలేదు, అంతే. పోనీ పలచగా ఉన్నందుకు నాకేం ఒరిగింది? పెళ్లి కూతురి నాన్నగారు నా లాప్‌టాప్ మందం అడిగారా? "బాబూ, సారె పంచడం కూడా అయిపోయింది, వీడియో ఎప్పుడిస్తావు?" అని అడుగుతున్నారు.

పలచదనం పిచ్చి నాదే అనుకో. అదే షాపులో పక్కనే ఇంకోటి ఉంది. మందంగా, బరువుగా, ఇటుక లాంటి చార్జర్‌తో, లోపల రెండు స్లాట్లతో. నాలుగు వేలు ఎక్కువ. అందులో ప్రాసెసర్ ఐ5-12450హెచ్, ఇందులో ఐ5-1335యూ. పన్నెండు కంటే పదమూడు పెద్దది కదా అని దీన్ని తీసుకున్నాను, ఎక్కాలు వచ్చినవాణ్ణి కాబట్టి. చూడాల్సింది ముందున్న అంకె కాదు, చివరి అక్షరమట. యూ అంటే 15 వాట్లు, హెచ్ అంటే 45. దీనికి కోర్లు, అంటే లోపల పనిచేసే చేతులు, పది; దానికి ఎనిమిదే. కానీ ఈ పదిలో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చేతిసాయానికి వచ్చిన చిన్నవి. దాని ఎనిమిదిలో నాలుగు పెద్దవి.

స్క్రీన్ గారికి వేరే ఉత్తరం రాయాలి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, అంటే ఆ రంగుల కొలతలో సగం కూడా చూపించలేదని. పసుపు దంచే సీన్‌లో పసుపు ఎంతకీ పసుపులా కనబడకపోతే రంగు పెంచాను, ఇంకా పెంచాను. లేని రంగు ఎంత పెంచితే మాత్రం ఎక్కడ కనిపిస్తుంది? శాంపిల్‌ని పెళ్లి కూతురి నాన్నగారు తన మంచి ఫోన్‌లో చూసుకుని ఫోన్ చేశారు. "మా పిల్లకి పచ్చకామెర్లు ఎప్పుడొచ్చాయి బాబూ?"

512 అని కొంటే విండోస్‌లో 476 చూపించే ఎస్‌ఎస్‌డీ సంగతి వదిలేస్తున్నాను. వెయ్యి గ్రాముల కిలో ఒకరిది, వెయ్యిన్నీ ఇరవై నాలుగు గ్రాముల కిలో ఇంకొకరిది. రైతుబజార్‌లో ఇలా తూస్తే తన్నుకునేవాళ్లం.

అసలు నీ మీద కోపం ఎంతకీ చల్లారదేం? నేను వీడియోలు కత్తిరించే డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు 16 జీబీ ఉండాలని, అందులో ఎఫెక్టులు చేసే ఫ్యూజన్ వాడితే 32 అని ముందే రాసిపెట్టారు. నువ్వు 8. విండోస్ లేచి మొహం కడుక్కునేసరికి సగం తాగేస్తుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ఆ ఖర్చూ నీలోంచే. మిగిలిన గుప్పెడులో నేను రెండు కెమెరాల సన్నాయి మేళం సర్దాలి. ఇంకొకణ్ణి సాయం తెస్తానంటే రానివ్వవు, నువ్వు కదలవు. ఇల్లరికపు అల్లుడైనా పండక్కి ఒకసారి సొంతూరు వెళ్తాడు!

మొన్న అక్టోబరులో, అంటే 2025లో, విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించినప్పుడు మా ఊరంతా పొంగిపోయింది. నేనూ స్టేటస్ పెట్టాను. ఆ తరవాతే ర్యామ్ ధరలు నిచ్చెనెక్కాయి. ప్రపంచంలో మెమరీ చిప్పులన్నీ ఇలాంటి సెంటర్లే మింగేస్తున్నాయని డాబాగార్డెన్స్ షాపాయన చెప్పాడు. ఊరికి ఎంత మెమరీ వస్తే ఏం లాభం, నాకో 8 జీబీ దూర్చడానికి కన్నం లేనప్పుడు. ఆ స్టిక్ వెనక్కి తీసుకోమంటే, కవరు చింపారు కదా సార్ అన్నాడు ఆయనే.

58 శాతం.

ఒక్క మాట మాత్రం దాచుకోను. మొన్న ఎవరో చెబితే ఫోర్‌కే ఫైళ్లన్నిటికీ చిన్న ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికైన నకళ్లు, చేసుకోమని రాత్రి పెట్టి పడుకున్నాను. ఫోన్‌లో తీసిన హెచ్.265 ఫైళ్లని విప్పే క్విక్ సింక్ అనే పనివాడొకడు ఈ ప్రాసెసర్‌లో ఉన్నాడట, నాకు చెప్పనేలేదు. తెల్లారి చూస్తే టైమ్‌లైన్ నున్నగా జరిగింది. జీలకర్ర బెల్లం దగ్గర పెళ్లికూతురు కళ్లెత్తే ఆ అరక్షణం, ఎక్కడా తడబడకుండా వెనక్కీ ముందుకీ ఆడించావు. అప్పుడు నిన్ను తిట్టాలనిపించలేదు. ఇప్పుడూ అమ్మ తన టేబుల్ ఫ్యాన్ తెచ్చి నీ పక్కన పెట్టింది, తను విసనకర్ర పట్టుకుంది. ఆ స్టిక్‌ని కూడా ఖరీదైన వస్తువని బీరువా లాకర్‌లో, తన గాజుల పక్కన పెట్టింది. వద్దని చెప్పలేకపోయాను.

93 శాతం. చివర్లో వ్రతం ఉంది, పాటలున్నాయి, అక్కడే నువ్వు ఎప్పుడూ...

లోపల ఫ్యాన్ హోరు ఆగిపోయింది. పని పూర్తయి ఆగావో, ప్రాణం పోయి ఆగావో లేచి చూడాలి. ఉంటాను.

ఇట్లు,
తమ విధేయుడు
టోకెన్ నంబరు 41