రెండో బిడ్డ పేరు మొదటి పేరుకు తోక కాకూడదు

మా అక్కకు రెండో పాప పుట్టినప్పుడు ఇంట్లో పది రోజులు ఒకటే చర్చ. పెద్దదాని పేరు హర్షిత. చిన్నదాని పేరు కూడా ‘షిత’తోనే ముగియాలని అందరూ ముందే తీర్మానించేశారు. చివరికి వర్షిత అయింది. బారసాల రోజు పళ్లెంలో పోసిన బియ్యం మీద బావ ఉంగరంతో ఆ పేరు రాస్తుంటే నాకూ ముచ్చటేసింది. ఏడాది తిరక్కుండానే, ఇద్దరినీ టీకాలకు తీసుకెళ్లిన చోట పెద్దదాని కార్డులో రాయాల్సిన తేదీని చిన్నదాని కార్డులో రాశారు. ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, చేతిరాతలో హకూ వకూ తేడా ఒక చిన్న గీత. రాసినామెను ఏమీ అనబుద్ధి కాలేదు.

కార్డు దిద్దించుకున్నాం, అది పెద్ద కష్టమేం కాదు. నన్ను వదలనిది ఇటీవల చిన్నది అడిగిన మాట: “అమ్మా, నా పేరు అక్క పేరులోంచి తీశారా?”

నిజమే కదా. మొదటి బిడ్డకైతే అర్థం చూస్తాం, నక్షత్రం చూస్తాం, నానమ్మ పేరు కలుస్తుందేమో చూస్తాం. రెండో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మొదటి పేరుతో ప్రాస కుదిరితే చాలనుకుంటాం. తన్వికి మన్వి, యశ్విత్‌కు జశ్విత్. అర్థం అడిగితే తల్లిదండ్రులే ఫోన్‌లో వెతుక్కునే పేర్లు కూడా ఇలాగే పుడుతున్నాయి.

ఇది సంప్రదాయం అనుకునేవాళ్లు పంచాంగం తెరిచి చూడాలి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, పాదానికి పేరు మొదలుపెట్టే అక్షరం ఒకటి చొప్పున 108. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. నిమిషాల తేడాతో పుట్టిన కవలలకు ఒకే అక్షరం రావడం మామూలే. మూడేళ్ల ఎడంతో పుట్టిన అక్కచెల్లెళ్లకు మాత్రం చాలావరకు వేర్వేరు అక్షరాలే వస్తాయి. నక్షత్రమూ కావాలి, ప్రాసా కావాలి అంటే చాలాసార్లు ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. వదిలేది ఎప్పుడూ చిన్నదాని నక్షత్రాన్నే.

జత పేర్లు మనకు కొత్త కాదు. మేడారం జాతరకు మొక్కుకున్న ఇళ్లలో అన్నదమ్ములు సమ్మయ్య, సారయ్య అవుతారు. ఒకరు సమ్మక్క పేరు, ఇంకొకరు సారలమ్మ పేరు. రెండు పేర్లూ ‘స’తో మొదలైతే అది కావాలని కుదిర్చింది కాదు, తల్లీబిడ్డలైన ఆ దేవతల పేర్లే అలా ఉన్నాయి. ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న మీది భక్తితో ఒకే ఇంట్లో పెద అప్పలనాయుడు, చిన అప్పలనాయుడు కనిపిస్తారు. అక్కడ చిక్కు నిజంగానే ఉంది, అయినా ఆ ఇద్దరూ ఒకరికొకరు తోక కారు. ఇద్దరికీ దేవుడే మూలం.

రామాయణంలో వసిష్ఠుడు నలుగురు అన్నదమ్ములకు పెట్టిన పేర్లు చూడండి. రాముడు, భరతుడు, లక్ష్మణుడు, శత్రుఘ్నుడు. ఒక్కదానికీ ఇంకోదానితో ప్రాస లేదు. నాకు మరీ ఇష్టమైన జత కుశలవులది. వాల్మీకి పిడికెడు దర్భ తీసుకుని, ముందు పుట్టినవాణ్ణి దాని పైభాగమైన కుశతోనూ తర్వాతివాణ్ణి కింది భాగమైన లవంతోనూ తుడవమన్నాడు, ఆ పేర్లే స్థిరపడ్డాయి. ఒకే దర్భలోంచి వచ్చిన రెండు పేర్లు, అయినా ఒక్క అక్షరం కలవదు. గుమ్మంలోంచి ఎవరిని పిలిచినా వాళ్లే పలుకుతారు. మా అక్క వంటింట్లోంచి కేకేస్తే ఇద్దరు పిల్లలూ వస్తారు, లేకపోతే ఇద్దరూ రారు.

అలాంటి జతలకు మనకు కరువు లేదు. గోదావరి ఒక్కటి చాలు. సముద్రానికి పోయే పాయ గౌతమి, దారిలో వచ్చి కలిసే మంజీర, కిన్నెరసాని. ముగ్గురు ఆడపిల్లలకు గౌతమి, మంజీర, కిన్నెర అని పెడితే ఎక్కడా ప్రాస ఉండదు, కానీ ముగ్గురూ ఒకే నీరని తెలుస్తుంది. సంగీతం వినే ఇల్లయితే రాగాల పేర్లతో మోహన్, కల్యాణి. మొదటి బిడ్డకు మామూలు పేరు ఉన్నా ఫరవాలేదు, దాని అర్థానికి దగ్గరి మాట వెతకండి, శబ్దానికి కాదు.

తొందరపడాల్సిన పనీ లేదు. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు లేకుండానూ నమోదు చేయించవచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోపు పేరు రాయించుకుంటే రుసుం ఉండదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా ఆ జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, అందులో ఎక్కే పేరు స్థిరమైనదై ఉండాలి. ఈలోగా అక్క పేరు పక్కన పెట్టి, రెండో పేరును ఒక్కదాన్నే నాలుగు రోజులు నోరారా పిలిచి చూసుకోవచ్చు.