బొమ్మను అద్దాల బీరువాలో పెడితే క్వాగ్‌హిర్ దక్కుతుందా?

నైజీరియాలోని బెన్యూ నదీతీరాన ఉండే టివ్ ప్రజల క్వాగ్‌హిర్ అనే బొమ్మలాట ప్రదర్శనకు 2019లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. సంతోషించవలసిన విషయమే. అయితే అప్పటినుంచి ఆ కళను కాపాడటం గురించి మాట వచ్చినప్పుడల్లా వీడియోలు తీద్దాం, బొమ్మలను మ్యూజియంలో భద్రపరుద్దాం అనే సలహాలే వినిపిస్తుండటం నాకు విసుగు తెప్పిస్తోంది.

క్వాగ్‌హిర్ అంటే వింత, అబ్బురం అని అర్థం. పొలం పనులు ముగించుకొని వచ్చిన కుటుంబం పొద్దుగూకాక ఒకచోట చేరి చెప్పుకొనే క్వాగ్‌అలోమ్ కథల నుంచి ఇది పుట్టింది. అలోమ్ అంటే కుందేలు; మన పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలుకు దగ్గరి చుట్టమనిపించే జిత్తులమారి. చెప్పే కథకు కొందరు అభినయం జోడించారు, ఆపైన చెక్కబొమ్మలు, జంతువుల వేషాలు, పాట, డప్పు, నాట్యం వచ్చి చేరాయి. గుడ్డ చుట్టిన కదిలే వేదిక అడుగున ఆడించేవాళ్లు దాక్కొని పుల్లలతో, తాళ్లతో బొమ్మలను కదిలిస్తుంటే, కథకుడు ముందు నిలబడి వాటి సంగతి చెబుతాడు. ఆ బొమ్మల్లో మోటారుసైకిల్ నడిపేవాడూ ఉంటాడు, పోలీసూ ఉంటాడు. ఊరికొక బృందం, బృందానికి బృందానికి మధ్య పోటీ. నిరుడు చూపించిన వింతనే ఈ ఏడూ చూపిస్తే పొరుగూరివాళ్లు నవ్వుతారు గనుక, ఎప్పటికప్పుడు కొత్తది కల్పించక తప్పదు. అటువంటి కళలో ఒక్క రాత్రి ఆటను పట్టి బంధించి, ఇదే అసలైన క్వాగ్‌హిర్ అని ముద్ర వేయడం దాని స్వభావానికే విరుద్ధం.

దీని చరిత్రలో మరో ముఖ్యమైన పొర ఉంది. 1960లోనూ, 1964లోనూ అప్పటి ఉత్తర ప్రాంత ప్రభుత్వానికి ఎదురుతిరిగి టివ్ నేలలో పెద్ద ఎత్తున అల్లర్లు చెలరేగాయి. ఇప్పుడు మనం చూస్తున్న క్వాగ్‌హిర్ రూపం బలపడింది ఆ కాలంలోనేననీ, నోటితో అనలేని మాటను బొమ్మచేత అనిపించడం అందులో భాగమనీ టివ్ నాటకకర్త, పరిశోధకుడు ఇయోర్వుయెసె హాగెర్ వివరించారు. అధికారాన్ని వెక్కిరించడానికి ఎదిగిన కళను అతిథుల స్వాగత కార్యక్రమంలో పది నిమిషాల అంశంగా కుదించడాన్ని పరిరక్షణ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంతకంటే బాధ కలిగించేది వేరే ఉంది. రాత్రిపూట ఊరంతా ఆరుబయట గుమిగూడాలంటే ముందు ఊరు ఉండాలి. బెన్యూ రాష్ట్రంలో రైతులకూ పశుపాలకులకూ మధ్య మొదలైన ఘర్షణలు సాయుధ దాడులుగా ముదిరి ఏళ్లు గడిచాయి. పశువులను ఆరుబయట తిప్పుతూ మేపడాన్ని నిషేధిస్తూ 2017లో రాష్ట్రం చట్టం చేసినా దాడులు ఆగలేదు. లక్షలాదిమంది ఇళ్లు విడిచి శిబిరాల పాలయ్యారు. 2025 జూన్‌లో యెలెవాటా అనే గ్రామంలో జరిగిన దాడిలో వంద మందికి పైగా చనిపోయారని వార్తలు వచ్చాయి. పెండలం దుంపల పొలం పోయినవాడికి పొలం పని తరువాత వచ్చే సాయంకాలం కూడా పోయింది. బొమ్మ చెక్కడం, ఆడించడం బృందంలో పెద్దల పక్కన ఏళ్ల తరబడి ఉండి నేర్చుకొనే విద్య. తలా ఒక శిబిరానికి చెదిరిపోయాక ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు? అందుకే రైతును క్షేమంగా తన ఊరికి చేర్చడమే ఈ కళకు సంబంధించిన మొదటి పని అంటాను. సాంస్కృతిక శాఖ చేతిలో లేని పనే అయినా సరే.

మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊళ్లో తోలుబొమ్మలు చేసే చేతులు ఇప్పుడు దీపాలకు తోలు తొడుగులూ చేస్తున్నాయి. అది బతుకుతెరువు, తప్పుపట్టను. కానీ కొనేవాడు దొరకడమూ, ఆట చూసేవాడు దొరకడమూ ఒకటి కాదని అక్కడే తెలుస్తుంది.

డబ్బు ఇవ్వదలచుకుంటే ఊళ్ల మధ్య పోటీలకు ఇవ్వండి, చెక్క చెక్కేవాడి దగ్గర చేరిన కుర్రాడికి ఏడాది తిండికి ఇవ్వండి. ఏ కథ ఆడాలో మాత్రం వాళ్లకే వదిలేయండి. గవర్నరుగారు ముందు వరసలో కూర్చున్న రోజున ఆయన బొమ్మే వేదిక మీదికి వస్తే, లేచి వెళ్లకుండా ఆట చివరిదాకా చూడాలి.