ఎవరూ పిలవని రెండు గంటలు

మా వదిన శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంది. పాలు, కరక్కాయ పొడి కలిపి అందులో ముంచి ఆరబెట్టిన బట్ట మీద వెదురు కలంతో గీయాలి. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన రంగు బట్టకు తగిలిందంటే నల్లగా పట్టేస్తుంది. ఇక చెరపడం కుదరదు. అందుకే కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో ఒకేలా నొక్కుతూ గీత లాగాలి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు వదిన సీతాదేవి బొమ్మలో పమిట అంచు గీస్తోంది. మూడేళ్ల పాప వెనక నుంచి వచ్చి మెడకు వేలాడింది. పమిట మీద శనగగింజంత మచ్చ పడింది. వదిన పాపను ఒక్క మాట అనలేదు. కలం పక్కన పెట్టి, అన్నం కలపడానికి లేచింది. ఆ రోజు మళ్లీ బట్ట ముందు కూర్చోలేదు.

"ఇంట్లో కూర్చుని చేసుకునే పనే కదా, పిల్లల్ని కూడా చూసుకోవచ్చు" అని ఆ ఇంట్లో చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ మచ్చ చూశాక అనలేను. బొమ్మలు వేసే తల్లికైనా, కథలు రాసే తల్లికైనా, సంగీత సాధన చేసే తల్లికైనా కావాల్సింది ఎవరూ పిలవని రెండు గంటలు. పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పావుగంట దొరికితే ఎన్ని కలిపినా అవి రెండు గంటలు కావు. మనసు పనిలోకి దిగేలోపే కుక్కర్ కూత వేస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటికి పెడుతున్నారు. పిల్లల్ని, పెద్దవాళ్లను చూసుకునే టైమ్ దీనికి అదనం. ఇక కళకు మిగిలేది నిద్రలోంచి కోసుకున్న టైమే.

ఈ మాట ఎత్తితే చాలు, "భానుమతి గారు చేయలేదా?" అంటారు. చేశారు. కొడుకు భరణి పేరు మీదే సంస్థ పెట్టి, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. పాడారు, నటించారు, కథలూ రాశారు. ఆమె ప్రతిభ ముందు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆమె భర్త రామకృష్ణారావు గారు కూడా దర్శకుడే. సినిమా ఆ ఇంటి పని. ఎప్పుడు షూటింగ్ పెట్టుకోవాలో చెప్పగలిగిన స్థానం ఆమెది. అవేవీ లేని అమ్మాయికి ఆవిడ పేరు చెప్పి "నువ్వెందుకు చేయలేవు" అనడం అన్యాయం.

వ్యవస్థ కూడా ఈ తల్లుల్ని లెక్కలో పెట్టుకోలేదు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, మంచిదే. కానీ ఏ ఉద్యోగమూ లేకుండా ఇంట్లో బొమ్మలు వేసే ఆవిడకు సెలవు ఎవరిస్తారు? నన్ను ఎక్కువగా బాధపెట్టేది వయసు నిబంధన. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి 35 ఏళ్లు దాటకూడదు. యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకే. మన ఇళ్లలో పెళ్లి, కాన్పు, పిల్లల చంటితనం అన్నీ ఆ ఏళ్లలోనే కదా. పాప బడిలో చేరి, తల్లి మళ్లీ కలం పట్టేసరికి ఆ తలుపులు మూసుకుపోతాయి. పరిశోధన చేసేవాళ్లకు యూజీసీ ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌లో మహిళలకు 5 ఏళ్ల వయసు సడలింపు ఉంది. పరిశోధన చేసే తల్లికి అవసరమని ఒప్పుకున్నది, కథలు రాసే తల్లికి ఎందుకు వద్దు? వర్క్‌షాప్‌లు పెట్టేవాళ్లు పిల్లల కోసం ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషిని ఏర్పాటు చేస్తే ఎంతమంది రాగలుగుతారో!

ఉగాది నుంచి మా అన్నయ్య పొద్దున 9 నుంచి 11 దాకా పాపను తనతో కొట్టుకు తీసుకెళ్తున్నాడు. వదిన అడిగింది, నేనూ గట్టిగా చెప్పాను. ఆ రెండు గంటలూ ఆమె ఫోన్ తీయదు. నేను చేసినా తీయదు.